పాట, నాట్యం, నటన: మూడు క్లాసులా, మూడూ ఉన్న ఒకే క్లాసా?

మా చుట్టాల్లో ఏ ఇంట్లోనైనా ఆరేడేళ్ల పిల్ల నాలుగు పాటలు పాడి, రెండు స్టెప్పులు వేసి చూపిస్తే చాలు, నాకు ఫోన్ వస్తుంది. "చిన్నప్పుడు నువ్వు అన్నీ నేర్చుకున్నావు కదే, మా దాన్ని ఎందులో చేర్పించమంటావ్?" అని. అన్నీ అంటే సంగీతం, కూచిపూడి, తర్వాత కొన్నాళ్లు స్టేజీ నాటకాలు. అంతే.

ఈ మూడూ కావాలనుకునే పిల్లలకు మన దగ్గర ముఖ్యంగా మూడు దారులున్నాయి. మూడింటికీ మూడు క్లాసులు పెట్టడం ఒకటి. మూడూ కలిసే ఉన్న కళను పట్టుకోవడం రెండోది. కూచిపూడి కలాపం (పాడుతూ, మాట్లాడుతూ ఆడే నాట్య నాటకం), హరికథ అలాంటివి. నాటక సమాజంలో చేరి స్టేజీ మీదే నేర్చుకోవడం మూడోది. నా ఓటు రెండోదానికి. కానీ ఆ బోర్డు పెట్టుకున్న ప్రతిచోటా ఆ చదువు దొరకదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మూడు క్లాసుల దారి

ఎక్కువమంది చేసేది ఇదే. సోమ, బుధవారాలు సంగీతం, మంగళ, గురువారాలు డాన్స్, ఆదివారం యాక్టింగ్. ఏ విద్యకు ఆ విద్యలో ఆరితేరినవాళ్లే చెబుతారు. ఒకటి నచ్చక మానేసినా మిగతావి ఆగవు.

సంగీతంలో మొదటి నెలలన్నీ సరళీ స్వరాలే, అంటే సరిగమలను వరసగా పాడే తొలి పాఠాలే. మాయామాళవగౌళ రాగం, ఆది తాళం, ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం. తర్వాత జంట స్వరాలు, అలంకారాలు. పిల్లలకు 'ఇది పాట' అనిపించేది మలహరి రాగంలో పిళ్లారి గీతాలు మొదలయ్యాకే. ఈలోపే చాలామంది జారిపోతారు. "మా వాడికి ఇంకా ఒక్క పాట కూడా రాలేదండీ" అని తల్లులు టీచర్ని అడిగేదీ అప్పుడే. మాయామాళవగౌళతో మొదలుపెట్టడంలో లెక్క ఉంది. స, రి, గ, మల మధ్య దూరాలు ఎలా ఉంటాయో ప, ద, ని, సల మధ్య కూడా అలాగే ఉంటాయి. కింది సగం గొంతులో కుదిరిందంటే పై సగం దానికి నకలే. ఈ సంగతి పిల్లలకు కాకపోయినా తల్లిదండ్రులకు ముందే చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది.

డాన్సులో మొదట అరమండి. మోకాళ్లు పక్కలకు తెరిచి, సగం కూర్చున్నట్టు నిలబడి అడుగులు కొట్టాలి. మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సిందే. దానితోపాటే జతులు (అడుగులకు నోటితో పలికే తాళం మాటలు), అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలోని 28 అసంయుత హస్తాలు (ఒంటి చేతి ముద్రలు) శ్లోకంతో సహా కంఠస్థం. యాక్టింగ్ క్లాసు మాత్రం ఆటలా గడిచిపోతుంది. ఒకే మాటను కోపంగా, భయంగా, వెటకారంగా చెప్పించడం, ఒకరికొకరు అద్దంలా నిలబడి అనుకరించడం. పిల్లలు ఎగిరి గంతేసి వెళ్తారు. ఏం నేర్చుకున్నావని అడిగితే మాత్రం చెప్పలేరు.

ఈ దారిలో అసలు లోటేమిటంటే, మూడు క్లాసుల గురువులకూ ఒకరితో ఒకరికి పరిచయమే ఉండదు. తకిట, తకధిమి అని డాన్స్ క్లాసులో నా పాదాలకు పట్టేశాయి. సంగీతం నోటుబుక్కులో అవే తిశ్రం (మూడు లెక్క), చతురశ్రం (నాలుగు లెక్క) అని వేరే పేర్లతో, వేరే పాఠంగా వచ్చాయి. రెండూ ఒకటే లెక్క అని ఎవరూ చెప్పలేదు. చాలాకాలానికి, వర్ణం పాడేటప్పుడు పక్కన వాయించిన మృదంగం మాస్టారు పుణ్యమా అని తెలిసింది. ఒక్కసారి నేర్చుకోవాల్సింది రెండుసార్లు నేర్చుకోవడం, రెండు ఫీజులు కట్టడం, రెండు చోట్లకు ఆటోల్లో తిరగడం. హైదరాబాద్ ట్రాఫిక్‌లో అయితే ఇంక చెప్పక్కర్లేదు.

మధ్యేమార్గం ఒకటుంది: ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలు. హైదరాబాద్ రాంకోటిలో త్యాగరాజ కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్నది, విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా కళాశాల. ఘంటసాల, పి. సుశీల ఈ విజయనగరం కళాశాలలో చదువుకున్నవాళ్లే. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. బయటి క్లాసులతో పోలిస్తే ఫీజు నామమాత్రం. సంగీతం గది పక్కనే డాన్స్ గది ఉంటే, నేర్పించకపోయినా కొన్ని చెవిన పడతాయి. మీ ఊరికి దగ్గరలో ఇలాంటిది ఉంటే బయట వెతికే ముందు అక్కడ అడగండి.

మూడూ ఒక్కచోట

నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది: ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట, పాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (మనసులోని భావం). కృష్ణా జిల్లా కూచిపూడి భాగవతుల సంప్రదాయంలో వాచికం కూడా ఆడేవాళ్లదే. సిద్ధేంద్రయోగి పేరు మీద వస్తున్న భామాకలాపం చూడండి. సత్యభామ తెర మీదుగా జడ వేసి, ప్రవేశ దరువుతో (పాత్ర వస్తూ పాడే పాటతో) తన గొప్ప తనే చెప్పుకుంటూ వస్తుంది. ఆ పాత్ర వేసేవాళ్లు పాడాలి, ఆడాలి, చెలికత్తె మాధవితో మాటకు మాట అనాలి. అలకా కావాలి, గర్వమూ కావాలి, తాళమూ తప్పకూడదు. ఆడవేషాలు మగవాళ్లే వేసిన ఆ రోజుల్లో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ పేరు పొందింది ఒక్క అందమైన వేషంతోనే కాదు. ఒక పిల్లకు ఒక్క ప్రవేశ దరువు పూర్తిగా వస్తే రాగం, నడక, చూపు, మాట విరుపు అన్నీ ఒకేసారి వచ్చినట్టు. మూడు క్లాసులు తిరిగినా ఈ కలయిక దొరకదు. ఆ మూడింటినీ కలుపుకునే పని పిల్ల మీదే పడుతుంది.

ఇంక చిక్కు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఈ నాట్యం ఊరూవాడా, దేశవిదేశాలూ పాకింది. ఆడపిల్లలే ఎక్కువగా నేర్చుకునే విద్య అయింది. మంచిదే. కానీ మేళం (భాగవతుల బృందం) పోయి సోలో కచేరీ వచ్చిన కొద్దీ పాట పక్కన కూర్చున్న గాయకుల చేతికి వెళ్లింది. ఇప్పుడు చాలా క్లాసుల్లో ఆ గాయకులూ లేరు, పెన్‌డ్రైవ్ ఉంది. పిల్లలు పెదవులు కదుపుతారు, గొంతు విప్పరు. అలాంటి క్లాసులో కూచిపూడి నేర్చుకుంటే చక్కటి డాన్స్ వస్తుంది. పాట రాదు, మాట అసలే రాదు. తప్పని అనను, మూడూ వస్తాయని చేర్పించేవాళ్లు మాత్రం తెలుసుకోవాలి.

హరికథకు ఆ బెంగ లేదు, దాన్ని మూగగా చెప్పడం కుదరదు కాబట్టి. కాలికి గజ్జె, చేతిలో చిడతలు, ఒక్కరే మనిషి. కీర్తన పాడాలి, ఆడాలి, రావణుడూ తానే, సీతా తానే, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించాలి. దీన్ని శాస్త్ర సంగీతం స్థాయికి తెచ్చిన ఆదిభట్ల నారాయణదాసు గారే విజయనగరం కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా. గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో ఆడపిల్లలకు హరికథ నేర్పే పాఠశాల ఉంది. నటన క్లాసుల్లో ఇంప్రొవైజేషన్ అని నేర్పేదాన్ని హరికథ విద్యార్థి జనం ముందే నేర్చుకోవాలి. ముందు వరుసలో తాతగారు కునుకు తీస్తే కథ అక్కడే మలుపు తిప్పాలి మరి.

కష్టం ఊపిరి దగ్గర. ఆడుతూ పాడితే మూడో చరణానికి శ్రుతి దిగుతుంది. అందుకే ముందు కూర్చుని పాట, తర్వాత కూర్చునే చేత్తో తాళం వేస్తూ పాట, తర్వాత నిలబడి, చివరికి అడుగులతో. ఈ వరుస తప్పి మొదటి నెలలోనే గజ్జె కట్టించి పాడిస్తే పిల్ల అరవడం నేర్చుకుంటుంది. ఇంకో కష్టం గురువు దొరకడం. అది మీ ఊరి అదృష్టం మీద ఉంటుంది.

నాటకమే బడి

ఈ దారికి పెద్ద ఉదాహరణ సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం కీచకవధ ఆడడంతో మొదలైంది. ఆడపాత్రలు ఆడవాళ్లే వేయడం అప్పట్లో పెద్ద సంగతి. అక్కడి పిల్లలకు అడ్మిషన్ ఉండదు, పుట్టడమే అడ్మిషన్. చంటిపాప కావాల్సిన సీనులో అసలు చంటిపాపే ఉంటుంది. కాస్త ఎదిగితే కృష్ణుడో ప్రహ్లాదుడో అవుతారు. పద్యాలు పక్కతెర చాటు నుంచి విని విని వచ్చేస్తాయి.

మనలాంటి బయటివాళ్లకు ఊళ్లోని పద్య నాటక సమాజమో, వేసవి థియేటర్ వర్క్‌షాపో దిక్కు. ఇక్కడ పిల్లలకు దొరికేది ఇంకెక్కడా దొరకదు: చివరి వరుసకు వినబడేలా మాట్లాడడం, ఎదుటివాళ్ల మాట అయ్యేదాకా ఆగడం, డైలాగు మర్చిపోతే మొహంలో తెలియనివ్వకపోవడం. స్టేజీ భయం నాకు డాన్స్ వల్ల పోలేదు, నాటకంలో నాలుగు మాటలున్న చెలికత్తె వేషం వల్ల పోయింది.

లోపాలూ ఉన్నాయి. శ్రుతి మీద శ్రద్ధ తక్కువ. హార్మోనియం ఎటు పోతే గొంతు అటు పోతుంది. పెద్దవాళ్ల అభినయాన్ని పిల్లలు అచ్చుగుద్దినట్టు దించేస్తారు. ఎనిమిదేళ్లవాడు తొడగొట్టి మీసం తిప్పితే అందరూ చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లతో ఓవర్ యాక్షన్ గట్టిపడుతుంది. దాన్ని వదిలించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

వయసు మాట

ఏది మేలన్నది సగం వయసు మీదే ఉంటుంది. ఆరేడేళ్లకు చెవి చురుగ్గా ఉంటుంది, ఆ వయసుకు సంగీతాన్ని మించింది లేదు. వారానికి రెండు అరగంటలు చాలు. డాన్స్ ఏడెనిమిదేళ్లకు మొదలైనా నష్టం లేదు. మోకాళ్ల మీద గంటలకొద్దీ బరువు వేయించే తొందర అక్కర్లేదు. నటనకు విడిగా క్లాసు పన్నెండేళ్లలోపు దండగ అని నా అభిప్రాయం. అప్పటిదాకా స్కూల్ వార్షికోత్సవం, వినాయక చవితి పందిరి చాలు.

మగపిల్లలకు ఇంకో మలుపుంది. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు గొంతు విరుగుతుంది. నిన్నటిదాకా ఐదున్నర శ్రుతిలో (హెచ్చు శ్రుతిలో) హాయిగా పాడినవాడు పై షడ్జం (పై 'స') అందక ఏడుపు మొహం పెడతాడు. "వీడికి గొంతు పోయింది" అని మాన్పించేస్తారు కొందరు. పోలేదు, కిందికి దిగుతోంది. కుదుటపడ్డాక ఒకటో, ఒకటిన్నరో శ్రుతిలో నిలబడుతుంది. ఆ రోజుల్లో బలవంతంగా పైస్థాయి పాడించకుండా మంద్రంలో (కింది స్థాయిలో) కొంచెం సాధన చేయించి, బరువు డాన్సు మీదకో మృదంగం మీదకో మార్చాలి. మూడు క్లాసుల దారిలో ఈ వెసులుబాటు బాగుంటుంది. సంగీతం తగ్గించి ఇంకోటి పెంచొచ్చు. రెండో దారికి ఓటు వేసిన నేను కూడా ఒప్పుకునే సంగతి ఇది.

పద్దెనిమిది దాటాక మొదలుపెట్టేవాళ్లకు నా వరుస తిరగబడుతుంది. వాళ్లకు ముందు నాటకం. పెద్దయ్యాక శరీరానికి, గొంతుకు పట్టిన సిగ్గు వదిలితే తప్ప మిగతావి ఎక్కవు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలోనూ థియేటర్ ఆర్ట్స్ విభాగాలున్నాయి. అంత దూరం వద్దనుకుంటే ఊళ్లో శని, ఆదివారాల బృందం చాలు.

ఆన్‌లైన్ గురించి

డల్లాస్‌లోనో మెల్బోర్న్‌లోనో ఉన్న మనవాళ్లకు తరచూ ఇదొక్కటే దారి. వీడియో కాల్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది. అందుకే గురువు, శిష్యురాలు కలిసి పాడలేరు, తాళం విడిపోతుంది. ఆయన పాడాలి, ఆగాలి, ఈమె పాడాలి. గురువు గొంతులో గొంతు కలిపి శ్రుతి సరిచేసుకునే పద్ధతి పోతుంది. అడుగు ఎంత బరువుగా పడిందో కెమెరా చెప్పదు. విచిత్రంగా అభినయానికి మాత్రం ఆన్‌లైన్ బాగుంది. మొహం దగ్గరగా కనబడుతుంది, కనుబొమ్మ కదలిక కూడా దొరికిపోతుంది. ఎదురుగా నేర్పే గురువు వారానికి ఒక్కరోజైనా దొరికితే మిగతా రోజులకు ఆన్‌లైన్ వాడుకోండి. అదొక్కటే అయితే పాటకు ఒక శ్రుతి పెట్టె, చెప్పింది మళ్లీ వినడానికి రికార్డింగ్ తప్పనిసరి.

చేర్పించే ముందు ఒక రోజు క్లాసు చివర కూర్చుని చూస్తామని అడగండి. పిల్లలు జతులు తామే చెబుతూ అడుగు వేస్తున్నారా? పదం (అభినయం పట్టే పాట) అర్థం గురువు ముందుగా కథలా చెబుతున్నారా? పాట ఎవరి నోటి నుంచి వస్తోంది? నేల కూడా చూడండి, గట్టి గ్రానైట్ మీద రోజూ అడుగులు కొట్టిస్తే మోకాళ్లకు మంచిది కాదు. టీచర్ గారు ఫోన్‌లో పాట పెట్టి పక్కన కుర్చీలో కూర్చున్నారా, డాన్స్ బాగా వస్తుంటే చేర్పించండి, తప్పులేదు. సంగీతం ఫీజు మాత్రం విడిగా లెక్కేసుకోండి.