ఐదు రోజుల మున్సిపల్ ట్రైనింగ్: ఆ మూడో రోజు ఒక్కటే వెయ్యి పెట్టు

నేను గోదావరి పశ్చిమ డెల్టాలో ఒక చిన్న మున్సిపాలిటీలో వార్డు ప్లానింగ్ సెక్రటరీని. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు చేరాను. ఇన్నేళ్లలో చాలా ట్రైనింగులకు వెళ్లాను. చాలావాటి నుంచి సర్టిఫికెట్ తప్ప తెచ్చుకున్నది లేదు. ఈమధ్య రాజమండ్రిలో పట్టణ ప్రణాళిక, పౌర సేవల మీద జరిగిన ఐదు రోజుల ట్రైనింగ్ గురించి మాత్రం రాయాలనిపించింది. మీ ఆఫీసు నుంచి పేరు పంపుతామంటే వెళ్లాలా వద్దా అని ఆలోచించేవాళ్ల కోసం ఇది. బాగోలేనివి కూడా చెప్తాను కాబట్టి నడిపిన సంస్థ పేరు రాయడం లేదు.

ముందే చెప్పేస్తాను, వెళ్లండి. మూడో రోజు కోసమైనా వెళ్లండి.

మొదటి రోజు నీరసంగా గడిచింది. 74వ రాజ్యాంగ సవరణ, 12వ షెడ్యూలు, మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలు. ఆ పద్దెనిమిదిలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే అని తెలిసినప్పుడు నా సీటు మీద నాకు గౌరవం పెరిగిన మాట నిజం. కానీ స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లోనే. వెనక వరసలో కూర్చున్న శానిటేషన్ మేస్త్రీలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి మస్టరు వేయించి ఊరు శుభ్రం చేయించే మనుషులు వాళ్లు. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పని పౌర సేవల పాఠం ఎవరి కోసం? ఫీడ్‌బ్యాక్ ఫారంలో కూడా ఇదే రాశాను.

రెండో రోజు పొద్దున ఇంకుడు గుంతల మీద గంటన్నర చెప్పారు. రాయలసీమలో బంగారం లాంటి పాఠం. మా దగ్గర శ్రావణంలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి, సముద్రం వైపు వెళ్లేకొద్దీ అవి ఉప్పునీళ్లు. మాకు కావాల్సింది నీళ్లు ఇంకే దారి కాదు, పోయే దారి. ఏ ఊళ్ల వాళ్లు వస్తున్నారో ముందే తెలుసు కాబట్టి పాఠం మార్చుకోవాల్సింది.

మధ్యాహ్నం లెక్క మాత్రం మాకు అతికినట్టు సరిపోయింది. మురుగు పైపుల వ్యవస్థ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ప్రమాణం. 60 వేల జనాభాకి 81 లక్షల లీటర్లు. లీకులు, లెక్కలోకి రాని వాడకం కలిపి నూటికి 20 దాకా పోవచ్చని అనుకున్నా, పంపాల్సింది కోటి లీటర్లు దాటుతుంది. ఇప్పుడు వేసవిలో కాలవలకు నీళ్లు 45 రోజులు కట్టేశారనుకుని, ఆ కాలవలతో నింపుకునే మంచినీళ్ల చెరువులో ఎంత ఉండాలో వేయమన్నారు. నలభై ఐదు కోట్ల లీటర్లకు పైనే తేలింది. ఎండకి ఆవిరయ్యేది దానికి అదనం. ప్రతి వేసవిలో కుళాయిల దగ్గర పడే టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుందో ఆ రోజు కాగితం మీద చూశాను.

ఇక మూడో రోజు. ట్రైనింగ్‌కి వచ్చేటప్పుడే ఒక్కో జట్టు తమ ఊళ్లో ఎంతకీ తెగని ఫిర్యాదు ఒకటి తెచ్చుకోవాలని చెప్పారు. మా జట్టులో నేను, అమెనిటీస్ సెక్రటరీ, శానిటరీ ఇన్‌స్పెక్టర్, మా వార్డు మేస్త్రీ గారు. మేం తెచ్చింది మా వార్డులో ఒక వీధి డ్రెయిన్. ఒకే వర్షాకాలంలో ఆ వీధి నుంచి నాలుగు ఫిర్యాదులు వచ్చాయి. నాలుగుసార్లూ పూడిక తీయించారు, ఫొటో పెట్టారు, క్లోజ్ చేశారు. వారం తిరక్కుండా మురుగు మళ్లీ గుమ్మాల దాకా వచ్చేది.

రిటైరైన ఇంజినీరు గారొకరు ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) పట్టుకుని మా జట్టుతో మా ఊరే వచ్చారు. రామాలయం అరుగుని గుర్తు పెట్టుకుని, దానికెదురుగా మూడుకాళ్ల స్టాండు వేశారు. మేస్త్రీ గారు అంకెలు వేసిన స్టాఫ్ కర్ర పట్టుకుని డ్రెయిన్లో దిగారు. "రీడింగు పెరిగితే పల్లం, తగ్గితే మెరక. ఇదొక్కటి గుర్తుంచుకోండమ్మా" అని ఇంజినీరు గారు నన్నే చూడమన్నారు. వీధి మొదట్లో డ్రెయిన్ అడుగున 2.42 మీటర్లు. వీధి మధ్యలో 2.51. బాగానే దిగుతోంది కదా అనుకున్నాను. చివర కల్వర్టు అడుగున 2.33. తప్పు చూశానేమోనని మళ్లీ చూశాను. అదే అంకె.

అంటే వీధి మధ్య కంటే కల్వర్టు అడుగు 18 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. దాదాపు జానెడు. వీధి మొదలు కంటే కూడా 9 సెంటీమీటర్లు ఎత్తు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కల్వర్టు కొత్తగా కట్టారు, కింద అడుగు ఎంతలో ఉండాలో ఎవరూ చూసుకోలేదు. ఎన్నిసార్లు పూడిక తీసినా నీళ్లు పైకి ఎక్కవు కదా.

మేస్త్రీ గారు డ్రెయిన్లోంచే అన్నారు: "నేను మూడేళ్ల నుంచీ అదే అంటన్నానండి మేడంగారూ. కల్వర్టు కాడ నీళ్లు ఎనక్కి కొడతన్నాయండి." ఎవరికి చెప్పారంటే, పూడిక తీయమన్న ప్రతివాళ్లకీ చెప్పారట. ఆ మాట ఏ కాగితం మీదా లేదు. ఆ వీధిలో మూడు ఇళ్ల ప్లాన్లు నా చేతి మీదుగా వెళ్లాయి. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కొలిచాను, రోడ్డు వెడల్పు చూశాను. డ్రెయిన్ వైపు తొంగి చూడలేదు. ఆయన్ని అడగనూ లేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

ఆ సాయంత్రం ఇంజినీరు గారు చెప్పినది రాసుకున్నాను. 2008లో కేంద్రం పెట్టిన సేవా ప్రమాణాల్లో, వచ్చిన ఫిర్యాదుల్లో నూటికి 80 ఒక్క రోజులో పరిష్కరించాలని ఉంది. మా వీధి నాలుగు ఫిర్యాదులూ ఆ లెక్కలో పాసైనట్టే. అందుకని ఆయన ఇంకో పుస్తకం పెట్టుకోమన్నారు. ఒకే వీధి నుంచి ఒకే ఫిర్యాదు నెలలో రెండోసారి వస్తే, దాన్ని శానిటేషన్‌కి పంపకుండా ఇంజినీరింగ్, ప్లానింగ్ కలిసి వెళ్లి చూడాలి. నేను వచ్చిన మర్నాడే ఆ పుస్తకం మొదలుపెట్టాను.

నాలుగో రోజు లేఅవుట్లు. ఇది కూడా మనసులో నాటుకుంది. కాటన్ దొర కాలం నుంచీ మా డెల్టాలో కాలవలు మెరక మీద, మురుగు డ్రెయిన్లు పల్లంలో నడుస్తాయి, మధ్యలో బోదెలనే చిన్న కాలవలు నీటిని అందిస్తూ, తీసేస్తూ ఉంటాయి. వరిచేను లేఅవుట్ అవగానే మట్టి తోలి మెరక చేస్తారు, బోదె పూడిపోతుంది, పక్క కాలనీ మునుగుతుంది. లేఅవుట్ ప్లానులో నూటికి 10 ఖాళీ స్థలం ఉందా లేదా అని చూస్తాం, బోదె ఏమైందని అడగం. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతలుండే సర్వే పుస్తకం) తెచ్చి, పుంతలూ (బండి దారులు) బోదెలూ రంగు పెన్సిలుతో గీసి, దాని మీద లేఅవుట్ పెట్టి చూడమన్నారు. అరగంట పని. గీసి చూస్తే మా టేబుల్ మీదున్న నమూనా ప్లానులో ఒక బోదె సరిగ్గా రెండు ప్లాట్ల నడుమ మాయమైంది.

ఐదో రోజు పరీక్ష, సర్టిఫికెట్లు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. భోజనం, బస బాగున్నాయి. ఆడవాళ్లకి వేరే గదులిచ్చారు. సచివాలయం నుంచి పెండింగ్ సర్వే అంటూ ఫోన్లు మాత్రం ఆగలేదు. ట్రైనింగ్‌కి పంపినప్పుడు ఆ ఐదు రోజులైనా మన లాగిన్ పని ఇంకొకరికి అప్పగించాలి.

నడిపినవాళ్లకి నేను రాసిచ్చినవి: పాఠాలు తెలుగులో పెట్టండి. డెల్టా బ్యాచ్‌కి డెల్టా పాఠం చెప్పండి. మొదటి రోజుది పూటలో ముగించి, వీధిలో పని రెండు రోజులు చేయించండి. మేస్త్రీలను వెనక వరసలో కూర్చోబెట్టకండి. మూడు నెలల తర్వాత ఒకసారి వచ్చి ఆ వీధి ఎలా ఉందో చూడండి.

ఆ రీడింగులు జతచేసి మేం నలుగురం సంతకాలు పెట్టి నోట్ పంపాం. కల్వర్టు అడుగు దించి కట్టడానికి ఎస్టిమేట్ వేస్తున్నారు. ఈలోగా మేస్త్రీ గారు ఇంకో రెండు వీధుల పేర్లు నా పుస్తకంలో రాయించారు, అక్కడ కూడా ఆ స్టాండు పెట్టించమని. ఇంజినీరింగ్ సెక్షన్లో ఆటో లెవెల్ ఒక్కటే ఉంది. శనివారం ఇస్తామన్నారు.