కాలువ గట్టు, ఏటిగట్టు, పుంత: డెల్టాలో ఆరేళ్ల సైకిలు ప్రయాణం

మాది రావులపాలెం దగ్గరి పల్లె. ఆరేళ్లుగా వారానికి రెండు మూడు ఉదయాలు తారు రోడ్డును వదిలి కాలువ గట్ల మీద, గోదావరి ఏటిగట్ల మీద, చేల మధ్య పుంతల్లో, అంటే పాత బండి దారుల్లో, సైకిలు తొక్కుతున్నాను. ఈ దారుల గురించి ఆరా తీసేవారిలో చాలామంది, కొండా గుట్టా లేని చదును నేలలో రోడ్డు విడిచి తొక్కడానికి ఏముంటుందని అడుగుతారు. ఎక్కుడు దిగుళ్లు లేని మాట నిజమే. కానీ ఇక్కడ దారి కష్టసుఖాలను నిర్ణయించేవి నీరు, నేల, గాలి, పంట. ఒకే గట్టు జనవరిలో హాయిగా సాగి, జూన్‌లో చక్రాన్ని కదలనివ్వకపోవచ్చు. అందుచేత ఏ దారి మంచిదని చెప్పేటప్పుడు అది ఏ నెలలో మంచిదో కూడా చెప్పవలసి ఉంటుంది.

ముందుగా నేల తీరు చెబుతాను, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. గోదావరి వరదతో తెచ్చిన ఒండ్రులో ఎక్కువ భాగాన్ని తన ఒడ్డునే వదులుతుంది కనుక ఏటి పక్కన నేల మెరకగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ కంటికి తెలియనంత నెమ్మదిగా పల్లమవుతుంది. సాగునీరు తనంతట తాను చేలకు పారాలంటే కాలువ మెరక మీద ఉండాలి. చేలలోని మురుగు దిగిపోవాలంటే డ్రెయిను పల్లంలో ఉండాలి. సైకిలు తొక్కేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. వాన వెలిసిన రెండో రోజుకే కాలువ గట్టు ఆరి గట్టిపడుతుంది. కోనసీమలో కౌశిక డ్రెయిను, తూర్పు డెల్టాలో తుల్యభాగ వంటి వాటి పక్క దారులు వారం గడిచినా లోపల మెత్తగానే ఉంటాయి. పైన ఎండిన పెచ్చు కనిపిస్తుంది, చక్రం పడగానే అది పగిలి అడుగున బురద బయటపడుతుంది. పటం చూసి రెండూ నీటి పక్క దారులే కదా అనుకుని నేను మొదటి ఏడాది చాలాసార్లు మోసపోయాను.

ఈ దారులన్నింటిలోనూ నాకు బాగా నచ్చినది బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్య డెల్టా కాలువ గట్టు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో పాటు కాటన్ తవ్వించిన కాలువలు సాగుకూ, పడవల రాకపోకలకూ కూడా ఉద్దేశించినవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలను లాగేవారు. గట్టు మీద ఎక్కడా తెగని, ఒకే మట్టంలో సాగే బాట ఉండటానికి ఆ అవసరమే కారణం. పడవలు పోయినా వాటిని లాగినవారి బాట మిగిలింది, ఈనాడు సైకిలుకు ఇంతకంటె అనుకూలమైన మట్టి దారి నేను ఈ జిల్లాల్లో చూడలేదు. ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల (కాలువ నీటిని ఆపి వదిలే తలుపుల) వరకు నీడ దట్టంగా ఉంటుంది. లాకుల దగ్గర ప్రధాన కాలువ చీలిపోతుంది. అక్కడి నుంచి గన్నవరం కాలువ వెంట వెళితే ఒకవైపు నీరు, మరోవైపు కొబ్బరితోటలూ అరటితోటలూ, వాటి వెనుక వరిచేలు కనిపిస్తూ ఉంటాయి. తారు రోడ్డు మీద గంటకు ఇరవై కిలోమీటర్లు వెళ్లే నేను ఈ గట్టు మీద పన్నెండు, పద్నాలుగుకు మించి వెళ్లను, వెళ్లాలని కూడా అనిపించదు.

ఈ దారి చివర పి. గన్నవరం దగ్గర అక్విడెక్టు ఉంది. కాలువ నీరు వైనతేయ నదిని పైనుంచి దాటి అవతలి లంక (నది పాయల మధ్య దీవి) నేలకు వెళ్లే చోటు అది. అదే ప్రాంతంలో అన్నదానంతో పేరుపొందిన డొక్కా సీతమ్మ గారి పేరును కొత్త అక్విడెక్టుకు పెట్టారు; పందొమ్మిదో శతాబ్దపు పాత కట్టడం పక్కనే నిలిచి ఉంది. కింద నది, పైన కాలువ పారుతూ ఉంటే వాటి పక్కన సైకిలు ఆపి నిలబడటం కోసమే నేను ఈ దారిన నలభైసార్లకు తక్కువ కాకుండా వెళ్లి ఉంటాను.

ఇంత మంచి దారికీ రెండు లోపాలున్నాయి. ప్రతి ఊరి శివారులోనూ గట్టు మీద చెత్త, పాత కొబ్బరి డొక్కలు, కూల్చిన ఇళ్ల పెంకులూ పోస్తున్నారు. పగిలిన సీసాల వల్ల నా టైర్లు రెండుసార్లు కోసుకుపోయాయి. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం, ఎందుకంటే ఆ చెత్తలో సగం తొలి వానకే కాలువలోకి జారి, దిగువ ఊళ్ల వారు తాగే నీళ్ల చెరువులకు చేరుతుంది. రెండవది వేసవి సంగతి. దాళ్వా (రెండో పంట వరి) కోతల సమయానికి కాలువలు కట్టేస్తారు. ఆ తరువాత పూడిక తీసిన మట్టిని గట్టు మీదే పోస్తారు. అది అవసరమైన పనే, దాన్ని తప్పుపట్టలేము. కానీ ఆ మట్టి ఎండి గడ్డలు కడుతుంది, తొలకరి పడగానే ముద్దవుతుంది. జూన్ నెలంతా ఈ గట్టును వదిలేయడమే మేలు.

రెండవ దారి గోదావరి పాయ అయిన వశిష్ఠ కుడి ఏటిగట్టు. విజ్జేశ్వరం దగ్గర ఎక్కి కాకరపర్రు, సిద్ధాంతం, దొడ్డిపట్ల మీదుగా చించినాడ వంతెన వరకు వెళ్లవచ్చు. ఇది కాలువ గట్టు కంటె చాలా ఎత్తైనది, వెడల్పైనది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన తరువాత, ఆ మట్టాన్ని లెక్కలోకి తీసుకుని ఏటిగట్లను పెంచారు. అందువల్ల గట్టు మీద నుంచి చూస్తే ఊరి ఇళ్ల కప్పులు మన కళ్లకు సమానంగా ఉంటాయి, రెండోవైపు లంకల్లోని కూరగాయల మళ్లు, ఇసుక మేటలు, ఆ పైన నీరు కనిపిస్తాయి. దృశ్యం పరంగా దీనికి సాటి లేదు. తొక్కడానికి మాత్రం ఇది మిశ్రమంగా ఉంటుంది: కొంత దూరం తారు, కొంత దూరం కంకర తేలిన గ్రావెలు, కొంత గడ్డి. ఏటి ఇసుకను లారీలకెత్తే ర్యాంపులు ఉన్నచోట లారీల దుమ్ములో ముందు ఏముందో తెలియదు. అటువంటి చోట్ల నేను దిగి పక్కన నిలబడి, బండి దాటిన తరువాతే కదులుతాను.

ఈ గట్టు మీద నీడ లేదు, గాలి ఉంది. వేసవిలో ఉదయం గాలి దాదాపు ఉండదు, మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి బలంగా వీస్తుంది. కనుక తెల్లవారుజామున ఐదు గంటలకు ఎగువ నుంచి బయలుదేరి, ఎండపూట ఏ ఊళ్లోనో విశ్రమించి, సాయంత్రం తిరుగు ప్రయాణం చేస్తే అదే గాలి వెనుక నుంచి తోస్తుంది. దీనికి విరుద్ధంగా చేసిన రోజున చించినాడ వైపు చివరి పది కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. కొండ లేని చోట గాలే కొండ అన్న సంగతి ఆ రోజు నా మోకాళ్లకు తెలిసింది.

జూలై నుంచి సెప్టెంబరు వరకు ఏటిగట్టు దిగి లంకల్లోకి వెళ్లాలనుకునేవారు ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోవాలి. అక్కడ 11.75 అడుగులకు, అంటే సుమారు పది లక్షల క్యూసెక్కుల వరదకు, మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. కనకాయలంక వంటి చోట్ల కాజ్‌వేలు వరదొస్తే మునిగిపోయి, లంకవాసులే నాటుపడవల మీద తిరుగుతారు. ఎగువన భద్రాచలం దగ్గర నీరు పెరుగుతున్నదని వింటే ఆ రోజు లంక ప్రయాణం మానుకోవాలి.

మూడవ రకం పుంతలు. ఊరికీ ఊరికీ మధ్య, ఊరికీ చేలకూ మధ్య ఎడ్లబళ్లు నడిచిన దారులివి. సార్వా (తొలి పంట వరి) మాసూళ్లు అయిపోయి నేల ఆరాక, డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా, ఇవి ఎంతో బాగుంటాయి. కోసిన చేలలో బాతుల మందలు దిగుతాయి, పక్కనే దాళ్వా ఊడ్పులు సాగుతూ ఉంటాయి. అదే వానలో అయితే పుంతంత ప్రమాదకరమైన దారి లేదు. నాలుగేళ్ల కిందట నవంబరు వానలో దగ్గరి దారి కదా అని ఒక పుంతలోకి దిగాను. రేగడి మట్టి చక్రానికీ, మడ్‌గార్డుకూ మధ్య పట్టేసి, నూరు గజాలు పోకముందే రెండు చక్రాలూ బిగుసుకుపోయాయి. పుల్లతో గీకుతూ, భుజాన మోస్తూ రెండు కిలోమీటర్లు దాటడానికి చీకటి పడింది. ఒడ్డుకు చేరాక లాకుల దగ్గర లస్కరుగా (కాలువ కాపలాదారుగా) పనిచేసే ఒక పెద్దాయన నీళ్లిచ్చి, "చినుకు పడితే పుంతలోకి దిగకండి బాబూ, దూరమైనా గట్టునే రండి. ఈ రేగడి మనిషినే పట్టేసుకుంటాది, సైకిలునొదుల్తుందా?" అన్నారు. ఆ మాటను అప్పటినుంచి తప్పలేదు.

ఇక సైకిలు గురించి. నాది సస్పెన్షను లేని ఉక్కు ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు. మొదట వేసిన సన్నటి టైర్లు ఎండుకాలంలో కూడా ఇసుకలో దిగబడేవి, 1.95 అంగుళాల టైర్లకు మారి, గాలి 35 పీఎస్‌ఐ దగ్గర ఉంచాక గట్ల మీద చేతులకు అదురు తగ్గింది. ఈ నేలకు ఎక్కువ గేర్లు అక్కరలేదు, ముందు ఒకే పళ్ల చక్రం ఉంటే చాలు. మడ్‌గార్డులను పూర్తిగా తీసేశాను. రిమ్మును పట్టే బ్రేకుల్లో బురద చేరుతుంది కనుక కొత్తగా కొనేవారు డిస్కు బ్రేకులే తీసుకోవాలి. గట్టు పక్కన కంచెగా వేసిన తుమ్మ కంపల ముళ్లు, గడ్డిలో దాగే పల్లేరు కాయలు పంక్చర్లకు ప్రధాన కారణాలు. ట్యూబుల్లో సీలెంటు పోయించాక ఏడాదికి పదిహేను దాకా ఉండేవి మూడుకు తగ్గాయి. కోతల రోజుల్లో వరిగడ్డి వెనుక పళ్లచక్రానికి చుట్టుకుంటుంది. దాన్ని అప్పటికప్పుడు దిగి తీయాలి, లాగితే గొలుసు తెగుతుంది.

ఆ రోజుల్లోనే రైతులు రోడ్లమీదా గట్లమీదా ధాన్యం ఆరబోస్తారు. దాని మీదుగా తొక్కకూడదు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చే ఆడవారికి దారి విడిచి మనమే దిగాలి, గట్టు వారి రోజువారీ బాట.

కోటిపల్లి రేవులో పంటు (మనుషులనూ బండ్లనూ దాటించే పడవ) ఎక్కి గోదావరి మరో పాయ గౌతమిని దాటి ముక్తేశ్వరంలో దిగి, ఆ పక్క గట్టు పట్టుకోవడం కూడా మంచి ప్రయాణమే. సైకిలు ఎక్కించడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు, వరద రోజుల్లో మాత్రం పంటు నడవదు. అంతర్వేది వైపు దారిని నేను ఎవరికీ సూచించను. సఖినేటిపల్లి దాటాక నేల ఇసుకగా మారుతుంది, రొయ్యల చెరువుల గట్లు ఇరుకైనవి, అవి ఇతరుల సొంత ఆస్తులు కూడా. అయినా సాగర సంగమం చూడాలని వెళ్లేవారు, ఇంటికి రాగానే, ఎంత అలసట ఉన్నా, ఆ రాత్రే సైకిలును మంచినీళ్లతో కడిగి గొలుసుకు నూనె వేయాలి. నేను ఒక్కసారి తెల్లవారాక చూద్దామని వదిలేస్తే, ఉదయానికే గొలుసు ఎర్రగా తుప్పు పట్టి ఉంది.