అడ్రినలిన్‌దో దారి, కార్టిసాల్‌దో దారి

టెన్షన్ హార్మోన్లు అనగానే అందరూ కార్టిసాల్‌నే తిడతారు గానీ, ముందు పరిగెత్తుకొచ్చేది అడ్రినలిన్. వీధి కుక్క వెంటపడిందనుకోండి, క్షణాల్లో అడ్రినలిన్ రక్తంలోకి దూకి, రోగనిరోధక కణాల పైపొర మీదున్న బీటా-2 గ్రాహకాలను (హార్మోన్ సంకేతాన్ని అందుకునే చోట్లను) తాకుతుంది, లోపలికి మాత్రం వెళ్లదు. ఆ తాకిడికి కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి, రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న ఎన్‌కే కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే రోగనిరోధక కణాలు) ఊడొచ్చి రక్తంలో కలుస్తాయి. కాసేపటికి మళ్లీ మామూలే.

కార్టిసాల్ నిదానం. కొవ్వులో కరిగే హార్మోన్ కాబట్టి పొర దాటి నేరుగా కణంలోకే దూరి, అక్కడి గ్రాహకాన్ని పట్టుకుని కేంద్రకం దాకా వెళ్లి, వాపు పుట్టించే ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి సంకేతాలను తగ్గిస్తుంది. ఇదేం చెడ్డ పని కాదు, వాపు తగ్గించడానికి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పనిచేసేదీ ఇలాగే. చిక్కల్లా నెలల తరబడి అప్పుల బాధో, రోగి సేవో నెత్తిన ఉన్నప్పుడే: కణాలు కార్టిసాల్ మాట వినడం తగ్గించి వాపు అదుపు తప్పొచ్చు, లేదా అవసరమైన సంకేతమే అందకపోవచ్చు. నన్నడిగితే కుక్క భయమే నయం, సందు చివర వదిలేస్తుంది. 1995లో అమెరికాలో మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను చూసుకునే ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో, చిన్న గాయం మానడానికి మిగతావాళ్ల కంటే సుమారు 9 రోజులు ఎక్కువ పట్టింది, వాళ్ల కణాల్లో గాయం మానడానికి తోడ్పడే ఐఎల్-1 బీటా సంకేతమూ తక్కువే కనిపించింది.