ఏథెన్స్‌లో 220 యూరోల టైమ్ టూర్, ఒక ఫ్రీ గోడ

ఏథెన్స్ వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, "ప్రాచీన గ్రీకు కళలో కాలం" అని ఆన్‌లైన్‌లో కనపడే స్పెషల్ టూర్లకి డబ్బులు కట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మేం నలుగురం, నేను, మా ఆవిడ, మా వాడు, మా మామగారు. తలకి 55 యూరోలు, అంటే మొత్తం 220, మన డబ్బుల్లో ఇంచుమించు 22 వేలు. క్యాలెండర్లు, గడియారాలు, సూర్యచంద్రుల శిల్పాలు అన్నీ చూపిస్తామని రాశారు. మామగారు రోజూ పంచాంగం చూడందే కాఫీ తాగరు, ఆయన కోసమే బుక్ చేశా.

ఎయిర్‌పోర్ట్ నుంచి మెట్రో 9 యూరోలు, మొనాస్తిరాకిలో దిగితే చాలు, ట్యాక్సీ దండగ. రూమ్ బానే ఉంది, అక్రోపోలిస్ కూడా బానే ఉంది, 30 యూరోల టికెట్టు మాత్రం మా ఆవిడకి ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

ఇక టూర్ సంగతి. గైడ్ 25 నిమిషాలు లేటు, టైమ్ టూర్‌కి! అక్రోపోలిస్ మ్యూజియంలో పార్థెనాన్ గుడి తూర్పు వైపు శిల్పాల దగ్గర ఆగకుండా నడిచేశాడు. ఎథీనా దేవత పుట్టిన ఘట్టం అది, ఎడమ మూల సూర్యుడు హీలియోస్ రథం సముద్రంలోంచి పైకి లేస్తుంటుంది, కుడి మూల చంద్రదేవత సెలీనీ రథం కిందికి దిగిపోతుంటుంది, అంటే తెల్లారుతోందని రాతిలో చెప్పారన్నమాట. ఆ సెలీనీ గుర్రం తల అసలుది లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఇక్కడున్నది ప్లాస్టర్ కాపీ. రాత్రంతా రథం లాగి అలిసిపోయి నోరు తెరిచిన గుర్రం, కళ్లు బయటికొచ్చేస్తున్నట్టుంటాయి. ఇవన్నీ మా ఆవిడ ఫోన్‌లో చదివి చెప్పింది, గైడ్ కాదు.

తర్వాత రోమన్ అగోరాలో, అంటే పాత బజారు స్థలంలో, వాయు గోపురం. కిర్రోస్ ఊరి ఆండ్రోనికోస్ కట్టించిన ఎనిమిది పలకల పాలరాతి కట్టడం, పైన ఒక్కో పలకకి ఒక్కో గాలి దేవుడు. ఉత్తరపు గాలి బోరియాస్ మందపాటి దుప్పటి కప్పుకుని శంఖం పట్టుకుంటే, దక్షిణపు గాలి నోటోస్ కుండ వంచి వాన పోస్తుంటాడు. వాళ్ల కింద గోడల మీద నీడ గడియారాల గీతలు, లోపల నేల మీద నీటి గడియారం కాలువలు ఇంకా కనపడతాయి. మా గైడ్ చెప్పింది ఒక్కటే మాట, "ఇది వాతావరణం కోసం." అయిపోయింది. అక్కణ్నుంచి ప్లాకాలో ఒక చెప్పుల షాపుకి తీసుకెళ్లి 40 నిమిషాలు కూర్చోబెట్టాడు. మామగారు పాపం మర్యాదగా "వీళ్లకీ అధిక మాసం ఉండేదా బాబూ" అని అడిగిస్తే, టికెట్ కౌంటర్లో కనుక్కోమన్నాడు!

ఆ కోపంలో టూర్ సగంలో వదిలేసి నడుస్తుంటే పెద్ద కెథెడ్రల్ పక్కనే చిన్న పాత చర్చి కనపడింది, మిక్రి మిత్రోపోలి అంటారు. పాత గుళ్ల రాళ్లన్నీ ఏరి కట్టినట్టుంటుంది. తలుపు పైన తలెత్తి చూడండి, అడ్డంగా ఒక శిల్పాల పట్టీ ఉంటుంది, అదే అసలు ఏథెన్స్ క్యాలెండర్! నెలలు మనుషుల రూపంలో, మధ్యలో తేలు లాంటి రాశులు, ఏ నెలకి ఏ పండగో ఆ బొమ్మ. గొడ్డలెత్తిన మనిషి ముందు ఎద్దు, అది బూఫోనియా బలి. చక్రాల మీద ఓడ, అది ఎథీనా పండగ పానాథెనేయా ఊరేగింపు. తర్వాత క్రైస్తవులు మధ్యమధ్యలో సిలువలు చెక్కేశారు, ఓడ మీద కూడా ఒకటి పడింది.

ఇంతలో మామగారు కేకేశారు, "అల్లుడుగారూ, ఇది చూశారా, కోడిపందెం!" నిజమే, బల్ల ముందు రెండు పుంజులు ఎదురెదురుగా. ఆ నెల పేరు పొసిదేయోన్, డిసెంబర్-జనవరి ప్రాంతం. ఆయనది భీమవరం, ఇంక ఆపగలమా. ఫోటో జూమ్ చేసి ఊరి గ్రూపులో పెడితే పది నిమిషాల్లో ఏది కాకి, ఏది డేగ అని గొడవ మొదలైంది. పొద్దుట్నుంచీ మొహం మాడ్చుకున్న మా వాడు కూడా నవ్వాడు.

ఇంకో విషయం, పాత ఏథెన్స్ వాళ్ల నెలలూ చంద్రుణ్ని బట్టే, సంవత్సరాదేమో ఎండాకాలంలో సూర్యుడు బాగా ఉత్తరానికి వెళ్లాక. లెక్క తప్పినప్పుడు ఒక నెల కలిపేవారు, ఎక్కువగా ఈ పొసిదేయోన్‌నే రెండోసారి. మామగారి ప్రశ్నకి జవాబు ఇదే, గైడ్ చెప్పాల్సింది.

చర్చికి టికెట్ లేదు. పక్క సందులో టమాటా గ్రేవీలో పెద్ద చిక్కుడు గింజలు, యీగాందెస్ అంటారు, ప్లేటు 7.50, పాలకూర పఫ్ 3.20, శాకాహారులకి ఈ ఊళ్లో ఇబ్బందే లేదు. మామగారు రెండు ప్లేట్లు తిన్నారు.

మర్నాడు నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియంలో సూర్యచంద్రుల లెక్కలు వేసే పాతకాలం గ్రీకు పరికరం, ఆంటికితెరా యంత్రం చూశాం, మునిగిన ఓడలోంచి 1901లో తీసిన కంచు పళ్లచక్రాలు, పచ్చగా తుప్పుపట్టి ముక్కలైపోయాయి. వెనకవైపు డయల్ 19 ఏళ్లకి 235 నెలలు లెక్కేసేది, అంటే 7 అధిక మాసాలు, మన పంచాంగంలోనూ ఇంచుమించు అంతే. మామగారు అక్కణ్నుంచి కదలనంటే గంటన్నర ఉన్నాం. దీనికి గైడ్ అక్కర్లేదు, బోర్డులు చక్కగా ఉన్నాయి.

టూర్ వాళ్లకి కంప్లైంట్ పెడితే డబ్బులివ్వలేదు, 15 శాతం తగ్గింపు కూపన్ పంపారు, ఏడాదిలోపు వాడుకోవాలట. మామగారు చదివి, "ఏడాదంటే పన్నెండు నెలలా పదమూడా, ముందు అది తేల్చమనండి" అన్నారు.