వేళ్ళు బిగుసుకుపోయే చేతులకి ఏం పనికొచ్చాయి, ఏం రాలేదు: గుంటూరు నుంచి నా అనుభవం

పొద్దున పాల ప్యాకెట్ మూల చింపాలంటే నా వేళ్ళకి చేతకాదు. కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి తొమ్మిదేళ్ళయింది, నిద్ర లేచాక గంటా గంటన్నర దాకా పిడికిలి మూసుకోదు, బొటనవేలి మొదట్లో మొదలైన నొప్పి ఒక్కోరోజు మణికట్టు దాకా పాకుతుంది. మందులు వాడుతున్నాను, వాటి గురించి చెప్పాల్సింది డాక్టర్లు. నేను రాస్తున్నది ఈ ఏడాదిలో కొన్న, చేయించుకున్న చిన్న చిన్న సామాన్ల గురించి. నాలాంటి చేతులున్న వాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉంటారు, నాకు దండగైన డబ్బు వాళ్ళకైనా మిగలాలి.

ముందు షాపుల సంగతి. కొత్తపేటలో హాస్పిటళ్ళ పక్కనున్న సర్జికల్ షాపులు నాలుగు తిరిగాను. వాకర్లు, వీల్‌చైర్లు, కమోడ్ కుర్చీలు, నాలుగు కాళ్ళ చేతికర్రలు, మోకాలి పట్టీలు అన్నీ ఉన్నాయి. "చేతులతో పని చేసుకోడానికి ఏమైనా ఉందా అండీ" అంటే నాలుగు చోట్లా మణికట్టు పట్టీ, పిసికే బంతి తీసి చూపించారు. మూత తీసే పరికరం అడిగితే ఒకాయన పట్నంబజారులో స్టీలు సామాన్ల కొట్లో అడగమన్నారు. వాళ్ళని తప్పు పట్టను, ఎవరూ అడగని సరుకు వాళ్ళు మాత్రం ఎందుకు తెప్పిస్తారు. కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలుపెట్టిన వయోశ్రీ పథకంలోనూ అంతే. పేద వృద్ధులకి ఉచితంగా ఇస్తామన్న ఆ మొదటి జాబితాలో చేతికర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు ఉన్నాయి. చాలా అవసరమైన పథకం అది. కానీ చెంచా పట్టుకోలేని చేతికి అందులో ఏమీ లేదు. నడవలేకపోతే వీధిలో అందరికీ కనిపిస్తుంది, సీసా మూత తీయలేకపోతే అది వంటింట్లోనే ఉండిపోతుంది.

నాకు దారి చూపించింది ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే ఇలాంటి ఇబ్బందులున్న వాళ్ళకి రోజువారీ పనులు ఎలా చేసుకోవాలో నేర్పే ఆవిడ. ఆ అమ్మాయి అరగంట కూర్చోబెట్టి చెప్పిన దాంట్లో నాకు బాగా గుర్తుండిపోయినవి రెండు: పట్టుకునేది లావుగా ఉండాలి, తిప్పేది పొడుగ్గా ఉండాలి. వేళ్ళు చేసే పనిని వీలైనంత వరకు అరచేతికీ మోచేతికీ అప్పజెప్పమంది. ఆ తర్వాత ఏది కొన్నా ఈ లెక్కలోనే చూసుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఏసీ రాగి పైపుకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టం. ఏసీ, ఫ్రిజ్ స్పేర్ పార్టులు అమ్మే కొట్లో మీటరు 40 రూపాయలకి ఇచ్చారు. జానెడు చొప్పున కోసి చెంచాకి, టూత్‌బ్రష్‌కి, దువ్వెనకి, పెన్నుకి తొడిగాను. సన్నటి కాడని గట్టిగా నొక్కి పట్టుకోనక్కర్లేకుండా పిడికిలి సగం మూసినా చెంచా నిలబడుతుంది, మొదటి రోజు పెరుగన్నం పూర్తిగా నా చేత్తోనే తిన్నాను. పొయ్యి మీద గరిటెలకి మాత్రం తొడగొద్దు, మంటకి కరుగుతుంది. నూనె, పులుసు పీల్చి వాసన వస్తుంది కాబట్టి కడిగేటప్పుడు తీసేయాలి, రెండు నెలలకోసారి మార్చాలి.

మూతల విషయంలో చాలా డబ్బు పోగొట్టుకున్నాను. ముందు 1,400 పెట్టి బ్యాటరీతో తిరిగే ఓపెనర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, అది చిన్న మూతల్ని పట్టదు, మన స్టీలు డబ్బాల మీద జారిపోతుంది, వెనక్కి పంపిద్దామంటే గడువు అయిపోయిందన్నారు. తర్వాత 450కి అల్మరా అడుగున స్క్రూలతో బిగించే వి ఆకారం ఓపెనర్ తీసుకున్నాను. దానికి లోపల పళ్ళ పట్టీ ఉంటుంది, సీసా మూతని ఆ మూలలోకి తోసి, సీసాని రెండు అరచేతులతో పట్టుకుని తిప్పితే చాలు. బిగించడానికి వడ్రంగి 150 తీసుకున్నాడు, చెక్క పల్చగా ఉంటే స్క్రూలు ఊడతాయని లోపల ఇంకో ముక్క వేశాడు, మీరూ వేయించుకోండి. కొత్త జామ్ సీసా దీనికి కూడా లొంగకపోతే చెంచా తోకని మూత అంచు కిందికి పెట్టి కొంచెం పైకి లేపండి. సీల్ వేసిన సీసా లోపల గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది కాబట్టి బయటి గాలి మూతని కిందికి నొక్కి పెడుతుంది, ఆ సందులోంచి గాలి దూరి టక్‌మన్నాక తేలిగ్గా తిరుగుతుంది. ఇక ఆవకాయ, గోంగూర మళ్ళీ మా అమ్మ జాడీల్లోకి మార్చేశాను. పైన మూత ఊరికే ఆనించి గుడ్డ కట్టడమే కాబట్టి తిప్పే పనే లేదు.

తొక్క తీసే పీలర్ మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చాడు, ఆక్సో గుడ్ గ్రిప్స్ వాళ్ళది, పిడి లావుగా మెత్తటి రబ్బరుతో ఉంటుంది. శామ్ ఫార్బర్ అనే ఆయన భార్య బెట్సీకి ఆర్థరైటిస్ వల్ల మామూలు పీలర్ పట్టుకోవడం కష్టమైతే ఆ ఆలోచనతో మొదలై 1990లో మార్కెట్‌లోకి వచ్చిందట. చేతులు బాగున్న వాళ్ళు కూడా అదే కొనుక్కుంటారు. మా కోడలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు దాన్నే తీసుకుంటుంది, నాకు అది చూస్తే చాలా సంతోషం. అది దొరకకపోతే మామూలు పీలర్‌కి పాత సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడిగి చూడండి, ముప్పాతిక వంతు అదే సుఖం.

వంటింట్లో, బాత్‌రూమ్‌లో తిప్పే కుళాయిలు తీయించి పొడుగు లివర్ ఉన్నవి పెట్టించాను, మోచేత్తో తోస్తే నీళ్ళు వస్తాయి. ఒక్కోటి 650 పడింది, ఇంట్లో ఒక్క మార్పే చేయగలిగితే ఇదే చేయించండి. తాళంచెవికి రోడ్డు పక్క తాళాలు బాగుచేసే ఆయన నాలుగంగుళాల అల్యూమినియం పట్టీ రివిట్ కొట్టి ఇచ్చాడు, 60 రూపాయలు. తడిబట్ట పిండడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, కుళాయికి చుట్టి రెండు కొసలూ కలిపి మెలితిప్పితే భారమంతా ముంజేతి మీద పడుతుంది.

కింద పడ్డవి తీసే పొడుగు పట్టకారు మాత్రం నాలాంటి వాళ్ళు కొనొద్దు. నడుము వంగని వాళ్ళకి అది బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ట్రిగ్గర్‌ని వేళ్ళతోనే నొక్కి పట్టుకోవాలి, రెండు రోజులకే నా చూపుడువేలు వాచింది. మా ఎదురింటి పెద్దాయనకి ఇచ్చేశాను, ఆయన రోజూ వాడుతున్నారు.

జాకెట్లకి హుక్స్ తీయించి వెల్క్రో వేయించాను, టైలరు ముందు ఒప్పుకోలేదు, ఒకటి కుట్టి చూపించమంటే కుట్టింది. ఉతికేటప్పుడు మూసి ఉంచకపోతే చీర దారాలు లాగేస్తుంది, అది గుర్తు పెట్టుకోండి.

ఇప్పటికీ కుదరనిది గ్యాస్ రెగ్యులేటర్. స్విచ్ తిప్పడానికీ, కింద అంచు పైకి లాగి బిగించడానికీ వేళ్ళలో బలం కావాలి, సిలిండర్ అయిపోయినప్పుడు మా వారు ఊళ్ళో లేకపోతే పక్కింటి వాళ్ళని పిలుస్తున్నాను. దానికి సురక్షితంగా బిగించే పొడుగు పిడి లాంటిది గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఎవరైనా వాడుతుంటే, ఎక్కడ దొరికిందో దయచేసి రాయండి.