సాగర్ ప్రయాణం, 259 రూపాయల పంచాయితీ

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను. అది చెప్తే గానీ నా కడుపుమంట చల్లారదు.

మా ఇంట్లో ఎక్కడికైనా వెళ్లాలంటే నెలకు ఒక్క వారాంతమే కుదురుతుంది. నేను అకౌంట్స్ ఆఫీసులో పని చేస్తాను. 20వ తేదీకి జీఎస్టీ రిటర్నులు వేసేదాకా మాకు ఆదివారం అన్నది ఉండదు. అది దాటాక వచ్చే శని, ఆదివారాల్లో మా ఆయనకు కాల్స్ ఉండకూడదు, పదో తరగతి చదివే మా పెద్దదానికి స్లిప్ టెస్టులు ఉండకూడదు, చిన్నోడికి జలుబు చేయకూడదు, అత్తమ్మ మోకాళ్లు మొరాయించకూడదు. ఆర్నెల్లకు అన్నీ కలిసొచ్చాయి. హైదరాబాద్ నుంచి 150 కిలోమీటర్లే కదా అని నాగార్జునసాగర్ ఖాయం చేశాం. ఆరున్నరకు బయల్దేరాల్సింది ఎనిమిదీ ఇరవైకి బయల్దేరాం. గ్యాస్ కట్టేశానా లేదా అన్న గొడవ ఇబ్రహీంపట్నం దాటేదాకా నడిచింది. మాల్ అనే ఊళ్లో టీ తాగాం. మిగతా దారి సాఫీగా గడిచిపోయింది.

లాడ్జి మా ఆయన ఫోన్‌లో చూసి బుక్ చేశాడు. పేరు చెప్పను. 'రిజర్వాయర్ వ్యూ' గది 3,200, అదనపు పరుపు 500, అడ్వాన్స్ వెయ్యి. ఫొటోలో కిటికీ నిండా నీళ్లున్నాయి. గదిలోకెళ్లి పరదా తీస్తే జనరేటర్, దాని పక్కన దండెం మీద ఆరేసిన దుప్పట్లు. రిజర్వాయర్ ఏదని అడిగితే, బాత్‌రూమ్ వెంటిలేటర్ దగ్గరికెళ్లి కొంచెం ఎడమకు చూడమన్నాడు కుర్రాడు. చిన్నోడు బకెట్ బోర్లించి దానిమీద నిలబడి చూశాడు. "కనిపిస్తుంది మమ్మీ, సన్నగా గీతలాగ" అన్నాడు. వేణ్నీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకే. అదనపు పరుపు ఎంత పల్చగా ఉందంటే, దానిమీద పడుకున్న మా పెద్దది తెల్లారి నడుం పట్టుకుని లేచి, "నాయనమ్మా, నీ నొప్పి ఎట్లుంటదో నాకిప్పుడు తెలిసింది" అంది. ఉచితమన్న టిఫిన్‌కి ఎనిమిదిన్నరకు వెళ్తే ఇడ్లీ అయిపోయింది, చట్నీ మాత్రం ఉంది.

ఇదంతా నేను ఓర్చుకున్నాను. బిల్లు దగ్గరే ఓర్చుకోలేకపోయాను.

తెల్లకాగితం మీద చేత్తో రాసిన చీటీ. గది 3,200, పరుపు 500, దానికింద జీఎస్టీ 12 శాతం, 444 రూపాయలు. నెలంతా నా కళ్లముందు తిరిగే అంకెలవి. రోజుకు 7,500 మించని గదికి పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే. అంటే 185. తేడా 259. పైగా చీటీ మీద జీఎస్టీ నంబరే లేదు. నంబర్ లేకుండా పన్ను పేరుతో రూపాయి కూడా తీసుకోకూడదు. అదే అడిగాను. "సిస్టమ్‌లో అట్లనే వస్తది మేడం" అన్నాడు కౌంటర్‌లో మనిషి. సిస్టమ్ ఎక్కడుంది? టేబుల్ మీద ఒక కాలిక్యులేటర్, అగరబత్తి స్టాండు ఉన్నాయంతే.

మా ఆయనకు నలుగురిలో ఇలాంటివి అస్సలు నచ్చవు. కారు తాళాలు ఆడిస్తూ గోడమీది క్యాలెండర్ చదవడం మొదలుపెట్టాడు. అత్తమ్మ మాత్రం సోఫాలో సర్దుకుని కూర్చుంది, ఆమెకు సీరియల్ చూస్తున్నట్టే ఉంది. అరగంటకు ఓనర్ ఫోన్‌లోకి వచ్చాడు. ఇంకో పది నిమిషాలకు కౌంటర్‌లో మనిషి గొంతు తగ్గించి, "సరే మేడం, జీఎస్టీ వద్దే వద్దు, మిగతా 2,700 ఇచ్చి వెళ్లండి" అన్నాడు. నేను అడిగింది 259, అతను వదిలేసింది 444. బిల్లూ లేదు, పన్నూ లేదు. నెలనెలా నలభై మందితో పన్ను కట్టించే నేను, పన్ను కట్టకుండా బయటికొచ్చాను. గెలిచానో ఓడానో ఇప్పటికీ తేల్చుకోలేదు. మీరు మాత్రం గది తీసుకునేముందే రెండు అడగండి: కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, బిల్లు మీద నంబర్ ఉంటుందా అని.

ఇంత గొడవలోనూ ఈ ప్రయాణం బాగుందనే చెప్తాను. అది నాగార్జునకొండ వల్ల.

శనివారం మధ్యాహ్నం డ్యామ్ చూశాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్, 26 గేట్లు. చిన్నోడు గేట్లు లెక్కపెట్టాడు, రెండుసార్లూ 25 వచ్చాయి. అత్తమ్మది నల్గొండ జిల్లానే. "మా మేనమామ ఇక్కడ రాళ్లు మోసిండు" అని ఆమె ఒక్కమాట అనేసరికి, అప్పటిదాకా ఉత్త గోడలాగ కనిపించింది నాకు రాతికట్టడంలాగ కనిపించడం మొదలైంది. డ్యామ్ నిజంగా రాతిదే.

తర్వాత ఆంధ్ర వైపు విజయపురి సౌత్‌కి వెళ్లి లాంచీ ఎక్కాం. నాగార్జునకొండ ద్వీపానికి ముప్పావు గంట పైనే పట్టింది. లైఫ్ జాకెట్ తాళ్లు బిగించుకోవడం ఎవరికీ చేతకాలేదు, వెనక కూర్చున్న ముసలాయన మా అందరికీ కట్టిపెట్టాడు. మా పెద్దది చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొహం అటు తిప్పుకుని కూర్చుంది. స్నేహితురాలి పుట్టినరోజు వదులుకుని వచ్చిందట, ఆ సంగతి మాకు దారి పొడుగునా తెలియజేస్తూనే ఉంది.

మేం దిగింది నిజానికి ఒక కొండ నెత్తిమీద. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయంతా ఇప్పుడు నీళ్ల కింద ఉంది. నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. మ్యూజియంలో ఆ పాత లోయ నమూనా ఉంది. విహారాలు, స్తూపాలు, మెట్లమీద జనం కూర్చుని ఆటలు చూసే మైదానం, అన్నీ చిన్నచిన్నగా. చిన్నోడు దానిమీదికి వంగి చూసి, "మనం ఇప్పుడు లాంచీలో ఈ ఊరి మీదినుంచే వచ్చామా?" అని అడిగాడు. మా పెద్దది ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీసింది. లేతాకుపచ్చ సున్నపురాతి శిల్పాల దగ్గరికి వచ్చేసరికి రెండోదీ తీసేసింది. తిరుగు లాంచీలో ఇద్దరూ రెయిలింగ్ పట్టుకుని నీళ్లలోకే చూస్తూ కూర్చున్నారు. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, సెలవు పెట్టుకుని వెళ్లేవాళ్లు చూసుకోండి.

2022లో మొదలైన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనానికి ఆదివారం పొద్దున ఒక గంట కేటాయించాం. బాగుంది కానీ 274 ఎకరాలు, ఎండలో అత్తమ్మ నడవలేకపోయింది. డ్యామ్ నుంచి ఎత్తిపోతల 11 కిలోమీటర్లే. అక్కడ జలపాతం చూశాం, అత్తమ్మ కోసం దత్తాత్రేయస్వామి దగ్గరికీ వెళ్లాం.

తిరుగు దారిలో రేకుల షెడ్డులో ఒకావిడ నడిపే హోటల్ కనబడింది. శనివారం నీసు ముట్టని అత్తమ్మ, "ఇయ్యాల ఆదివారమే గదా" అని ఆమే కారు ఆపించింది. బొచ్చె చేప ముక్క 80, అన్నం, పులుసు 120. పులుసులో మామిడికాయ వేసింది. అత్తమ్మ అన్నం మారడిగింది. ఇంట్లో నా వంటకు ఆ భాగ్యం ఎప్పుడూ పట్టలేదు. ఐదుగురికి 1,000 రూపాయలయింది. ఆవిడ నోటిలెక్కే చెప్పింది, కాగితం లేదు. చిన్నోడు నా మొహంలోకి చూసి, "మమ్మీ, ఇక్కడ అడగవా?" అన్నాడు. చెయ్యి కడుక్కునే వంకన లేచాను.

ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. గ్యాస్ కట్టేసే ఉంది. ఫోన్ చార్జింగ్ పెడితే పనామె మెసేజ్ కనబడింది, రేపు, ఎల్లుండి రానని.