టొరెంట్ ఫైళ్లను సర్దుకుంటూనే సీడింగ్ కొనసాగించాలంటే: తరలింపా, నకలా, హార్డ్ లింకా?

టొరెంట్ ద్వారా డౌన్‌లోడ్ అయిన ఫైలు పేరు మార్చి వేరే ఫోల్డర్‌లో పెట్టగానే సీడింగ్ (దించుకున్న ఫైలును ఇతరులకు పంచడం) ఆగిపోతోందనీ, దీనికి ఏ పద్ధతి మేలనీ చాలామంది మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. క్లయింట్ (టొరెంట్లను నడిపే సాఫ్ట్‌వేర్) తన దగ్గర నమోదైన ఫోల్డర్‌లో, నమోదైన పేరుతోనే ఫైలును వెతుకుతుంది కనుక, ఫైల్ మేనేజర్‌లో మనం చేసిన మార్పు దానికి తెలియదు.

తరలించదలచినవారు ఆ పనిని క్లయింట్ చేతనే చేయించాలి. క్యూబిట్‌టొరెంట్ అనే క్లయింట్‌లో 'సెట్ లొకేషన్' ద్వారా చోటునూ, ఫైళ్ల జాబితాలో పేరునూ మార్చవచ్చు. లోపలి డేటా మారదు కాబట్టి హ్యాష్‌లు (డేటాలోని ఒక్కో ముక్క మారలేదని సరిచూసే సంకేతాలు) సరిపోతాయి, సీడింగ్ సాగుతుంది. పదో ఇరవయ్యో టొరెంట్లు ఉన్నవారికి ఇది చాలు. వందల్లో ఉంటే మాత్రం ఓపికకు పరీక్షే.

నకలు తీసుకోవడం అన్నిటికన్నా నిశ్చింత, కానీ 40 జీబీ సంకలనం 80 జీబీ అవుతుంది. చిన్న ఫైళ్లకు తప్ప నేను దీన్ని సూచించను.

నేను చివరికి స్థిరపడింది హార్డ్ లింకుల దగ్గర. డిస్కు మీద డేటా ఒక్కటే ఉంటుంది, దానికి పేర్లు రెండు: ఒకటి క్లయింట్‌కు, మరొకటి మనకు. మన పేరును ఎలా మార్చినా, ఎక్కడికి జరిపినా మొదటిది చెక్కుచెదరదు. అయితే రెండు పేర్లూ ఒకే పార్టిషన్‌లో (డిస్కు విభాగంలో) ఉండాలి. ఎన్‌టీఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్‌లు (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతులు) దీనికి అనుకూలం, ఎక్స్‌ఫ్యాట్ కాదు.

అసలు తేల్చుకోవలసింది స్థలం సంగతి కాదు, ఫైలు లోపల ఏమైనా మారుస్తారా అన్నది. హార్డ్ లింకు చేసిన పాటలకు నేనొకసారి ట్యాగులు (ఫైలు లోపలే ఉండే పాట పేరు, గాయకుల వంటి వివరాలు) సరిదిద్దాను. సాఫ్ట్‌వేర్ కొత్త ఫైలు రాయకుండా ఉన్న డేటానే మార్చింది కనుక సీడింగ్ ప్రతి కూడా మారిపోయింది. తర్వాత క్లయింట్‌లో రీచెక్ చేస్తే (ఫైళ్లను మళ్లీ సరిచూపిస్తే) హ్యాష్‌లు తప్పాయి, క్లయింట్ ఆ ముక్కలను మళ్లీ దించుకుని నా దిద్దుబాట్లను చెరిపేసింది. పైగా బిట్‌టొరెంట్ మొదటి వెర్షన్‌లో ఒక ముక్క రెండు ఫైళ్ల మీదుగా సాగవచ్చు కాబట్టి, ఒక ఫైలును ముట్టుకుంటే పక్క ఫైలు కూడా అసంపూర్ణంగా కనిపించవచ్చు. అందుకని ట్యాగులు మార్చే అలవాటున్నవారు నకలు తీసుకోవాలి, లేదా బీటీఆర్‌ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లో రీఫ్లింక్ (మొదట అసలు ఫైలు డేటానే పంచుకునే నకలు) వాడాలి. అక్కడ మార్చిన భాగానికి మాత్రమే కొత్త స్థలం పడుతుంది.

సింబాలిక్ లింకులు (అసలు ఫైలు ఉన్న చోటును మాత్రమే చూపేవి) కూడా ఉన్నాయి గానీ, అసలు ఫైలు చెరిగితే మిగిలేది ఉత్త చిరునామాయే.

హార్డ్ లింకులకు మారినవారు ఒకటి గుర్తుంచుకోవాలి: క్లయింట్‌లో టొరెంట్‌ను ఫైళ్లతో సహా తొలగించినా పోయేది ఒక పేరే, రెండోదీ తీసేసేదాకా డిస్కులో స్థలం ఖాళీ కాదు.